వడ్ల గింజంత స్పీకర్

(హన్మకొండలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక టీవీ మెకానిక్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? వినబడనివాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు. అందరికీ వినబడుతోందని అనుకోవాలో, నేనడిగిందే వినబడలేదని అనుకోవాలో తెలియడం లేదు. (నవ్వులు)

ముందు ఈ సీసా చూడండి. హోమియో మాత్రల సీసా. ఇప్పుడు ఇందులో మాత్రల్లేవు, నా చెవి మిషన్లలోంచి తీసిన పాత రిసీవర్లు, అంటే చెవిలోకి మోత పంపే బుడిపెలు, ఉన్నాయి. ఆరేళ్లలో ఏడు. మొదటి రెండూ షాపులో మార్పించుకుని, పాతవి అడిగి తెచ్చుకున్నాను. మెకానిక్ బుద్ధి, చెడిపోయిన సామాను కూడా వదలబుద్ధి కాదు. మిగతా ఐదూ మా ఇంట్లో, తెల్లటి దుప్పటి పరుచుకుని నేనే మార్చుకున్నాను. అదెట్లా చేశానో చెప్పమని మీ సెక్రటరీ గారు పిలిచారు. చెప్తాను. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పాలి. రిసీవర్ మార్చాలంటే జనం భయపడతారు. సెట్టింగులు మార్చాలంటే మాత్రం భయపడరు, ఫోన్లో వేలితో జరిపేదే కదా అనుకుంటారు. నేను చూసినంతలో భయం ఉండాల్సింది రెండోదానికే.

నేను డాక్టర్‌ను కాదు, వినికిడి పరీక్షించి మిషన్ అమర్చే ఆడియాలజిస్టునూ కాదు. చౌరస్తా దగ్గర చిన్న షాపులో 30 ఏళ్లకు పైగా రేడియోలు, టీవీలు బాగుచేసినవాణ్ని. నాకు వినికిడి తగ్గుతోందని ముందు చెప్పింది కూడా మనిషి కాదు, టీవీయే. పాత డబ్బా టీవీ ఆన్ చేస్తే సన్నగా 'కీ' అని ఒక కూత వచ్చేది, గుర్తుందా? మన టీవీ బొమ్మలో 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే 15,625. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ సెకనుకు అన్నిసార్లు వణుకుతుంది, ఆ కూత దానిదే. మెకానిక్‌కు అదే నాడి. వెనక మూత తీయకముందే, కూత ఉందంటే ఆ సెక్షన్ బతికి ఉన్నట్టు లెక్క. ఒకరోజు ఒక సెట్టు ఆన్ చేసి "కూత లేదు, ఈహెచ్‌టీ పోయింది" అన్నాను. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను మేం అట్లా అంటాం. నా దగ్గర పని నేర్చుకునే పిల్లవాడు నా మొహం చూసి "కూస్తోంది కదా ఉస్తాద్" అన్నాడు.

అప్పటికి నాకు 40 దాటాయి. అంత సన్నటి మోత ఆ వయసులో చాలామందికి వినబడదు, అదేమీ జబ్బు కాదు. కానీ పైనుంచి మొదలైన అరుగుదల మెల్లగా కిందికి దిగుతూ వస్తుంది. నాకు 60 వచ్చేసరికి మాటల్లోకి దిగింది.

మన భాషతో ఇక్కడొక చిక్కుంది. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అచ్చులకు బలం ఎక్కువ, అరిగిన చెవికి కూడా అందుతాయి. స, శ, త, క, చ లాంటివి గాలి ఊదినట్టు సన్నగా ఉంటాయి, ముందు మాయమయ్యేవి అవే. మా ఇంటామె వంటింట్లోంచి ఏదో అంటుంది. నాకు 'ఆలు' అని తోక మాత్రం వినబడుతుంది. పాలా, కాలా, చాలా? ఒకరోజు "పాలు పొంగుతున్నాయి చూడు" అన్నది. నేను కుర్చీలోంచి లేవకుండానే "కాలు పొంగితే డాక్టర్‌కు చూపించుకో" అన్నాను. ఆ పూట పాలూ పోయాయి, మర్యాదా పోయింది. (నవ్వులు) వినబడుతోంది గానీ తెలియడం లేదని మనవాళ్లు అనేది దీన్నే. ఎదుటివాళ్లు గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా గట్టిపడతాయి, పోయిన హల్లులు పోయినట్టే ఉంటాయి.

ఇక మిషన్ సంగతి. ఇప్పుడు ఎక్కువమంది వాడే రకంలో డబ్బా చెవి వెనక కూర్చుంటుంది. అందులో మైకులు, చిప్పు, బ్యాటరీ. దాంట్లోంచి సన్నటి వైరు, దాని చివర చెవి లోపలికి పోయే బుడిపె. ఆ బుడిపె పేరే రిసీవర్. పేరు వింటే ఏదో తీసుకునేది అనిపిస్తుంది గానీ అది స్పీకర్. పాత నల్ల టెలిఫోన్లో చెవి దగ్గర పెట్టుకునేదాన్ని రిసీవర్ అనేవాళ్లం కదా, ఆ పేరే. తొలి కరెంటు చెవి మిషన్లు టెలిఫోన్ విద్యలోంచే పుట్టాయి. డెసిబెల్ అనే మాటలో ఉన్న 'బెల్' కూడా టెలిఫోన్ గ్రాహంబెల్లే. ఆయన తల్లికీ, భార్యకూ ఇద్దరికీ చెవుడు.

ఒక రిసీవర్ పోయాక ఊరుకోలేక భూతద్దం కింద పెట్టి బ్లేడుతో విప్పాను. వడ్ల గింజంత రేకు డబ్బా. లోపల రెండు అయస్కాంతం ముక్కలు, వాటి నడుమ సన్నటి ఇనుప రేకు నాలుక, చుట్టూ కంటికి ఆనని తీగతో కాయిల్. నాలుక వణికితే ఒక సన్నటి పుల్ల పైనున్న పలుచటి పొరను కదుపుతుంది. అదే మనకు వినబడేది. నేను జీవితమంతా పెద్ద కోన్ స్పీకర్లు కట్టినవాణ్ని, ఆ పనితనం చూసి కాసేపు మాట రాలేదు. ఇంత నాజూకు సామానును మనం ఎక్కడ పెడుతున్నాం? చెవి రంధ్రంలో, గులిమిలో, చెమటలో. పైగా దాని ముక్కులో కొబ్బరినూనె. అది పోవడం వింత కాదు, రెండేళ్లు బతకడం వింత. బల్బు మాడినట్టు ఇది కూడా మాడుతుంది, మార్చుకోవాలి. మిషనే పోయిందని బీరువాలో పడేయకూడదు.

మూడోసారి కుడి మిషన్ ఆగినప్పుడు ఒక షాపుకు వెళ్లాను. పేరు చెప్పను. మిషన్ చేతిలోకి కూడా సరిగ్గా తీసుకోకుండానే "మోడల్ పాతదైంది సార్, కొత్త జత తీసుకోండి" అని 80 వేల రేటు రాసి ఇచ్చారు. ఇంటికొచ్చి బల్ల మీద పెట్టి, టీవీని చూసినట్టే చూశాను. ముందు కరెంటు ఉందా, తర్వాత దారి ఎక్కడ మూసుకుంది.

మీరూ అదే వరస పట్టండి. సెల్లు వేసే మిషన్ అయితే కొత్త సెల్లు వెయ్యండి. అది గాలి పీల్చి పనిచేసే సెల్లు. స్టిక్కర్ తీశాక ఒక నిమిషం బయట ఉంచి అప్పుడు వెయ్యాలి. తర్వాత మిషన్‌ను గుప్పిట్లో మూసి పట్టుకోండి. కూత వచ్చిందంటే స్పీకర్ మోగుతోంది. రాలేదంటే డోమ్, అంటే రిసీవర్‌కు తొడిగే రబ్బరు టోపీ, లాగేసి రిసీవర్ ముక్కు చూడండి. అక్కడ ఆవగింజలో సగం ఉండే తెల్లటి జల్లెడ ఉంటుంది, గులిమి ఫిల్టర్. చాలా మిషన్లు చచ్చేది దీని దగ్గరే. దీనికి పుల్ల ఒకటి వస్తుంది, ఒక చివర ఖాళీ, రెండో చివర కొత్త ఫిల్టర్. ఖాళీ చివరతో పాతదాన్ని గుచ్చి లాగాలి, పుల్ల తిప్పి కొత్తది నొక్కాలి. అర నిమిషం పని. దయచేసి పిన్నీసుతో మాత్రం పొడవకండి. జల్లెడ చిరిగి, గులిమి లోపలికి పోయి, 100 రూపాయలతో పోయేది వేలకు ఎక్కుతుంది.

నాది కూడా ఫిల్టరే. మార్చాను, మోగింది. అప్పుడు అనుమానం వచ్చి, సీసాలో దాచిన ఆ మొదటి రెండింటికీ కొత్త ఫిల్టర్లు వేసి మిషన్‌కు తగిలించి చూశాను. ఒకటి మోగింది! అంటే ఈ సీసాలో ఉన్న ఏడింటిలో ఒకటి చావనేలేదు. దాని అంత్యక్రియలకు నేను డబ్బులు కట్టాను. (నవ్వులు)

ఫిల్టర్ మార్చినా మోగకపోతే, మోగినా గరగరమంటుంటే, వైరు కదిపినప్పుడల్లా వచ్చీ పోతుంటే, అప్పుడు రిసీవర్. కొనేముందు మూడు సంగతులు చూడాలి. ఏ చెవిది అనేది రంగు చెప్తుంది, ఎరుపు కుడి, నీలం ఎడమ. వైరు పొడుగు అంకెలో ఉంటుంది, ఒకటో, రెండో, మూడో. చూడాల్సిన మూడో సంగతి పవర్. ఒక కంపెనీ ఎస్, ఎం, పి అని అక్షరాలు వేస్తుంది, ఓటికాన్ వాళ్లు 60, 85, 100 అని అంకెలు వేస్తారు. వీటితో పాటు మిషన్ తరం కూడా కలవాలి. అదే కంపెనీ పాత తరం రిసీవర్ కొత్త మిషన్‌కు పట్టకపోవచ్చు. పాతదాని మీద ఏం రాసుందో భూతద్దంతో చదివి కాగితం మీద రాసుకోండి. వారంటీ ఉంటే మాత్రం మీరు చెయ్యి పెట్టకండి, కంపెనీనే మార్చనివ్వండి.

మార్చడం ఇట్లా. మిషన్ ఆఫ్ చేసి సెల్లు తీయాలి. ఫ్యాన్ ఆపాలి. కింద తెల్లటి గుడ్డ పరవాలి, లేకపోతే పిన్ను పడితే జన్మలో దొరకదు. చాలా మోడళ్లలో వైరు మిషన్‌లోకి దిగేచోట పక్కన చిన్న పిన్ను ఉంటుంది. కంపెనీ ఇచ్చే సన్న మొన పుల్లతో దాన్ని ఒక పక్కనుంచి తోస్తే రెండో పక్క తల బయటికి వస్తుంది. పూర్తిగా లాగనవసరం లేదు. ఇప్పుడు వైరును కాదు, వైరు మొదట్లో ఉన్న గట్టి ప్లాస్టిక్‌ను పట్టుకుని నిటారుగా లాగాలి. వంచి లాగితే లోపలి పళ్లు వంగుతాయి. కొత్తదాన్ని అదే దారిలో దించి 'టిక్' అనేదాకా నొక్కి, పిన్ను తోసెయ్యాలి. కొన్ని కంపెనీలకు పిన్ను ఉండదు, నొక్కుడు క్లిప్పు ఉంటుంది. మీ మోడల్‌కు ఏది ఉందో దాని పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. చివర డోమ్ ఎక్కించి గట్టిగా లాగి చూడండి. వదులుగా ఉన్న డోమ్ చెవిలోనే ఉండిపోతే, దాన్ని తీయడానికి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికే పోవాలి, పిన్నీసు కాదు.

ఇంతే. గోడకు స్విచ్చు బిగించడం కన్నా కష్టం కాదు.

కానీ ఇందులో నేనొక తప్పు చేశాను. ఒకసారి ఎం బదులు పి రిసీవర్ తెప్పించాను. పవర్ ఎక్కువ ఉంటే మంచిదే కదా, స్పీకర్ పెద్దదైతే దాని మీద భారం తగ్గుతుంది కదా అని మెకానిక్ తెలివి. పెట్టుకున్నాను. వంటింట్లో స్టీలు గిన్నె జారిపడింది. పిడుగు నా తలలోనే పడ్డట్టయింది. జరిగింది ఏమిటంటే, చిప్పు ఎం రిసీవర్‌కు సరిపోను లెక్కగట్టి కరెంటు పంపుతోంది. అదే కరెంటుకు పి ఎక్కువ మోత చేస్తుంది. మిషన్‌కు ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌లో చెప్పాలి, నేను చెప్పలేదు. కొన్ని కొత్త మోడళ్లు తేడా కనిపెట్టి బీప్ బీప్ అని మొరపెట్టుకుంటాయి. నాది మొరపెట్టుకోలేదు. మిగిలి ఉన్న కాస్త వినికిడినీ మనమే కాల్చుకునే పని అది. అందుకే పోయింది ఏదో అదే మళ్లీ పెట్టండి. పవర్ మారాలంటే ఆడియాలజిస్ట్ దగ్గర కూర్చోవాల్సిందే.

ఇక్కడినుంచి రెండో సంగతి, అడ్జస్ట్‌మెంట్. ఫోన్ యాప్‌లో వాల్యూం, బాస్, ట్రెబుల్, గోలలో వినే ప్రోగ్రాం ఉంటాయి. అవి కంపెనీ గీసిన గీత లోపలే తిరుగుతాయి, నిశ్చింతగా తిప్పుకోండి. దాని తర్వాతి మెట్టు అసలు ప్రోగ్రామింగ్. నోవాలింక్ వైర్‌లెస్ అని చిన్న పరికరం ఉంది, కంప్యూటర్‌ను బ్లూటూత్ మీద మిషన్‌తో కలుపుతుంది. పైన కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, ఫోనాక్‌కు టార్గెట్, ఓటికాన్‌కు జీనీ, సిగ్నియాకు కనెక్స్. ఇవి నిపుణుల కోసం చేసినవి. అయినా లోకంలో నాలాంటి పిచ్చివాళ్లు చాలామంది సొంతంగా వాడుతున్నారు.

తెర మీద చూస్తే పాత ఆంప్లిఫయర్‌లోని ఈక్వలైజర్ లాగే ఉంటుంది. నన్ను ముంచింది ఆ పోలికే. హల్లులు వినబడటం లేదు కాబట్టి సన్నటి మోతల వైపు ఒకేసారి 8 డెసిబెల్స్ పెంచాను. డెసిబెల్ టీవీ వాల్యూం గీతలాంటిది కాదు. 3 పెరిగితే శక్తి రెట్టింపు, 10 పెరిగితే పది రెట్లు. పేపర్ తిరగేస్తే గడ్డివాముకు నిప్పంటుకున్నట్టు, పాలిథీన్ కవరు తీస్తే పటాకులు. నేను దవడ ఆడించినప్పుడల్లా కూత. మూడో రోజుకు తలనొప్పి. ఇంతా చేసి 'పాలు' స్పష్టంగా వినబడిందా అంటే, లేదు. మెదడు అన్నేళ్లుగా వినని మోతను ఒక్కసారిగా తెచ్చి పోస్తే అది మాటను ఏరుకోలేదు, అంతా గోలే అనుకుంటుంది.

ఇప్పుడు నా పద్ధతి వేరు. ముందు ఉన్న సెట్టింగును సేవ్ చేసి పెట్టుకుంటాను, ఎటు పోయినా ఇంటికి తిరిగొచ్చే దారి. ఒకసారికి ఒకే ఒక్క మార్పు, 2 డెసిబెల్స్ మించకుండా. వారం రోజులు దానితోనే ఉంటాను. బస్టాండ్‌లో కండక్టర్ 'జనగాం, జనగాం' అంటే అందిందా, భద్రకాళి గుడిలో గంట చెవిని పొడిచిందా, పక్కింటి పిల్ల సన్న గొంతు తెలిసిందా, అన్నీ నోట్‌బుక్‌లో రాస్తాను. చెవికి జ్ఞాపకం తక్కువ, నిన్నటి మోత ఇవాళ గుర్తుండదు. మెత్తటి మాటకూ, మామూలు మాటకూ, గట్టి మోతకూ సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు గీతలుంటాయి. నేను మొదటి రెండింటి జోలికే పోతాను. 'గరిష్ఠ అవుట్‌పుట్' అనే గీత ఒకటుంటుంది, ఎంత పెద్ద మోత వచ్చినా ఇంతకు మించి చెవిలోకి పంపకు అని చెప్పేది. దాన్ని ముట్టుకోను. రిసీవర్ గానీ డోమ్ గానీ మారిస్తే, కూత ఎక్కడ మొదలవుతుందో కొలిచే ఫీడ్‌బ్యాక్ టెస్ట్ మళ్లీ నడపాలి.

సొంత గొంతు బావిలోంచి మాట్లాడినట్టు ఉందని చాలామంది అంటారు. దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, డోమ్ చూడండి. మూసుకుపోయే డోమ్ అయితే మన గొంతులోని బొంగురు మోత చెవిలోనే చిక్కుకుంటుంది. బొంగురు మోతలు బాగానే వినబడేవాళ్లకు రంధ్రాలున్న డోమ్ వేస్తే పోతుంది. అయితే రంధ్రాలు ఎక్కువైతే కూత కూడా ఎక్కువ. ఏదీ ఉచితంగా రాదు.

ఇంత చేసినా ఆడియాలజిస్ట్ చేసే ఒక పని నేను చేయలేను. సన్నటి మెత్తని గొట్టం చెవిలో పెట్టి, కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత మోత పడుతోందో కొలుస్తారు. సాఫ్ట్‌వేర్ చూపించేది సగటు చెవి లెక్క, నా చెవి లెక్క కాదు. అట్లా కొలిచేవాళ్లు దొరికితే ఆ ఫీజు దండగ కాదు. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష కాగితం, కూడా ఏడాదికోసారి కొత్తది తీయించండి. ఐదేళ్ల కిందటి కాగితం పెట్టుకుని ఎన్ని గీతలు జరిపినా పాత కొలతలకే చొక్కా కుడుతున్నట్టు.

డబ్బుల ఇబ్బంది ఉన్నవాళ్లకు ఒక మాట. మన వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి లోపాల కోసం పెట్టిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆయన మన హైదరాబాద్ మనిషే, ఉస్మానియాకు వైస్ చాన్సలర్‌గా చేశారు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకం, పేద వృద్ధులకు 2017లో వచ్చిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన, రెండింటిలోనూ చెవి మిషన్లు ఇస్తారు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. కొంచెం నెమ్మదిగా, నా మొహం చూసి.

"అన్నా, అమెరికాలో డాక్టర్ చీటీ లేకుండా షాపులోనే చెవి మిషన్లు దొరుకుతున్నాయి, పంపిస్తా అంటున్నాడు అక్కడున్న మా అబ్బాయి." నిజమే. 2022 అక్టోబర్ నుంచి అక్కడ అట్లా అమ్ముతున్నారు. 18 ఏళ్లు దాటినవాళ్లకు, కొద్దిపాటి నుంచి ఓ మోస్తరు లోపం ఉన్నవాళ్లకు మాత్రమే. మీ ఆడియోగ్రామ్ ఆ హద్దులో ఉందా అని ముందు చూసుకోండి. రిసీవర్ పోతే ఇక్కడ దొరుకుతుందా అని కూడా అబ్బాయిని అడగండి.

"చెవిలో నూనె వేసుకోవడం నాకు చిన్నప్పటినుంచి అలవాటు." మానెయ్యండక్కా. నూనె రిసీవర్‌లోకి పోతే తిరిగి రాదు. తలకు నూనె రాసుకునేటప్పుడు, పౌడర్ కొట్టుకునేటప్పుడు కూడా మిషన్ పక్కన పెట్టి, అరగంట ఆగి పెట్టుకోండి. మేడారం వెళ్లొస్తే ఆ దుమ్ముకు మైకు రంధ్రాలు మూసుకుపోతాయి, మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి మరిచిపోకండి. రాత్రి సిలికా జెల్ డబ్బాలో పెడితే చెమట తడి ఆరుతుంది, గుళికలు రంగు మారితే కొత్తవి వెయ్యండి. సెల్లులు మనవళ్లకు అందకుండా దాచండి. మింగారంటే ఒక్క నిమిషం ఆలోచించకుండా ఆసుపత్రికి.

"రాత్రి బాగానే ఉంది, పొద్దున్నే ఒక చెవి అసలు వినబడటం లేదు. రిసీవర్ పోయినట్టేనా?" మిషన్ తీసేసి చూశారా? తీసినా వినబడటం లేదా? ఎప్పటినుంచి? ఇవాళ పొద్దుటి నుంచా? అయితే మీరు ఇక్కడ కూర్చోవద్దు సార్. నిజంగానే అంటున్నాను. అది మిషన్ సంగతి కాదు. ఉన్నట్టుండి వినికిడి పోతే మొదటి రెండు మూడు రోజుల్లోనే మందు పడాలి. ఆలస్యమైన కొద్దీ తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది. ఎవరైనా బండి ఉన్నవాళ్లు సార్‌ను ఇప్పుడే ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లండి. టీ తర్వాత కాదు, ఇప్పుడే.

మంచిది. మిగతావాళ్లు మీ మిషన్లు తీసి ఈ బల్ల మీద పెట్టండి. ఎవరిదేదో కలిసిపోకుండా కింద పేరు రాసిన చీటీ పెట్టండి. ఫిల్టర్లు రెండు మూడు రకాలు తెచ్చాను. ఆ మూడో వరుసలో ఎవరిదో కూస్తోంది. మీదే అమ్మా, మీకు వినబడటం లేదు గానీ నాకు వినబడుతోంది. తీసుకురండి, ముందు మీదే చూద్దాం.